పాత యెజ్డికి కొత్త బ్యాటరీ: 6 వోల్టుల బండికి ఏది కొనాలి?

ఫోన్ బ్యాటరీ హెల్త్ 80 శాతానికి పడితే మనకి నిద్ర పట్టదు. అదే ఇంట్లో పాత బండి ఉంటే దాని బ్యాటరీ ఎప్పుడు మార్చామో ఎవరికీ గుర్తుండదు. మా ఇంట్లోనూ అంతే. భిక్నూర్‌లో మా బాపు దగ్గర 1980ల నాటి యెజ్డి 250 ఉంది. పొలానికైనా, కామారెడ్డికైనా ఇప్పటికీ దాని మీదే పోతాడు. పోయిన చలికాలం ఒక రాత్రి తిరిగొస్తూ టోల్ ప్లాజా దగ్గర స్పీడ్ తగ్గించగానే హెడ్‌లైట్ అగ్గిపుల్ల లెక్క అయింది, ఆ వెంటనే ఇంజన్ ఆగింది. వెనక లైట్ అప్పటికే లేదట. 44వ నంబర్ జాతీయ రహదారి మీద, నాగ్‌పూర్ వైపు పోయే లారీల పక్కన, చీకట్లో బండి తోసుకుంటూ ఇంటికొచ్చాడు. "బ్యాటరీ పోయినట్టుంది, జర చూడు" అన్నాడు, అంతే.

గాడ్జెట్లు చూసే కొడుకుని కదా, ఇదెంత పని అనుకున్నా. రెండు సార్లు కొనాల్సి వచ్చింది. మొదటిసారి ఎక్కడ తప్పు చేశానో చెప్తే మీకు ఆ డబ్బులు మిగులుతాయి.

ముందు బండి గురించి రెండు ముక్కలు. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1960ల మొదట్లో జావా పేరుతో, 1973 నుంచి యెజ్డి పేరుతో, 1996 దాకా తయారు చేసిన బండి ఇది. కిక్ కొట్టే రాడ్డే గేర్ రాడ్డు కూడా. చార్జింగ్‌కి డైనమో, స్పార్క్‌కి కాయిల్, పాయింట్లు. అంటే స్పార్క్‌కి కావాల్సిన కరెంటు బ్యాటరీ నుంచే రావాలి. ఇంజన్ స్పీడ్ అందుకున్నాకే డైనమో ఆ బరువు తీసుకుంటుంది. అందుకే బ్యాటరీ చచ్చిన యెజ్డి స్పీడ్ తగ్గిస్తే ఆగిపోతుంది. సీడీఐ, మాగ్నెటో ఉన్న బండ్లకి ఈ బాధ లేదు, బ్యాటరీ లేకున్నా స్టార్ట్ అవుతాయి. మీ పాత బండి ఏ రకమో తెలుసుకోవడం మొదటి పని.

(చిన్న సంగతి: మనం "వింటేజ్" అని పిలిచే బండ్లన్నీ చట్టం ప్రకారం వింటేజ్ కాదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి. పైగా అలా రిజిస్టర్ చేయిస్తే రోజూ తిప్పడానికి కుదరదు. మా బాపుకి ఆ ముచ్చటే లేదు.)

ఎంఏహెచ్ లెక్క ఇక్కడ పనికి రాదు

బండిలో పాత బ్యాటరీ మీద 6 వోల్టులు, 12 ఏహెచ్ అని ఉంది. అంటే 72 వాట్ అవర్లు. మీ బ్యాగులో ఉన్న 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో 3.7 వోల్టుల లెక్కన 74 వాట్ అవర్లు ఉంటాయి. శక్తి దాదాపు సమానమే. కానీ బండి బ్యాటరీ కుదుపులు, ఎండ తట్టుకుంటూ, ఒక పక్క కరెంటు ఇస్తూ ఇంకో పక్క డైనమో ఎంత తోస్తే అంత మింగాలి. అసలు కథ ఆ మింగడంలోనే ఉంది.

నేను కామారెడ్డిలో ఒక షాపుకి పోయి 6 వోల్టుల బ్యాటరీ అడిగా. ఎమర్జెన్సీ లైట్లలో, కిరాణా షాపు ఎలక్ట్రానిక్ కాంటాల్లో ఉండే 4.5 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ చేతిలో పెట్టారు. చౌక, నీళ్లు పోసే పని లేదు, ట్రేలో వదులుగా ఉన్నా రబ్బరు ముక్కతో బిగించొచ్చు. కొనేశా. నాలుగు నెలలకి అది పొట్ట ఉబ్బి కూర్చుంది.

అప్పుడు గానీ మల్టీమీటర్ తీయలేదు. బ్యాటరీ టెర్మినళ్ల మీద పెట్టి ఇంజన్ రేజ్ చేస్తే 8.4 వోల్టులు! 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీకి చార్జింగ్‌లో 7.0 నుంచి 7.4 మధ్య రావాలి. 12 వోల్టుల బండి అయితే 13.8 నుంచి 14.5. మా బండి కటౌట్‌లో, అదే రెగ్యులేటర్‌లో, పాయింట్లు అతుక్కుపోయి డైనమోని ఆపేవాడే లేకుండా పోయాడు. నిజానికి పాత బ్యాటరీ ఈ సంగతి ముందే చెప్పింది, నేనే వినలేదు. దాని మూతలు తీస్తే లోపల చుక్క నీళ్లు లేవు. వెనక లైట్ బల్బు నల్లగా మాడిపోయి ఉంది. తక్కువ చార్జింగ్ అయితే బల్బులు మాడవు కదా. పాతది చావలేదు, ఉడికి పోయింది.

కాబట్టి కొత్తది కొనే ముందే మీటర్ పెట్టండి. రేజ్ చేసినప్పుడు 6.6 కూడా దాటకపోతే చార్జింగ్ రావట్లేదు, 7.6 దాటితే ఎక్కువైంది. రెండిట్లో ఏదైనా సరే, ముందు కటౌట్ బాగు చేయించాలి, తర్వాతే బ్యాటరీ.

ఇంకోటి కూడా చూడాలి: వైర్లు. 35 వాట్ల హెడ్‌లైట్ బల్బు 6 వోల్టుల బండిలో దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది, 12 వోల్టుల బండిలో 3. తుప్పు పట్టిన ఎర్త్ జాయింట్‌లో 0.1 ఓమ్ అడ్డు ఉందనుకోండి. 6 వోల్టుల బండిలో అక్కడే 0.6 వోల్టు, అంటే పదో వంతు మాయం. వోల్టేజ్ పదో వంతు తగ్గితే మామూలు ఫిలమెంట్ బల్బు వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. అదే తుప్పు 12 వోల్టుల బండిలో రెండున్నర శాతమే తింటుంది. "6 వోల్టుల బండి లైటు ఇంతే తమ్మీ" అని మెకానిక్‌లు అంటుంటారు గానీ, మా బండిలో ఎర్త్ వైరు ఊడదీసి ఎమరీ పేపర్ కొట్టగానే సగం తేడా అక్కడే కనిపించింది.

మరి ఏది కొనాలి?

డైనమో ఉన్న 6 వోల్టుల బండికి నా ఓటు పాత పద్ధతిలో యాసిడ్ పోసే బ్యాటరీకే. ఒకరోజు కటౌట్ మళ్లీ మొండికేసినా ఇందులో నీళ్లు తగ్గుతాయి, పోసుకుంటాం. సీల్డ్ దాంట్లో పోయిన నీళ్లు తిరిగి రావు. పైగా ఆ 4.5 ఏహెచ్ బ్యాటరీ ఒంటి మీదే రాసి ఉంటుంది, మొదటి చార్జింగ్ కరెంటు 1.35 ఆంపియర్లు మించొద్దని. డైనమోకి ఆ అక్షరాలు చదవడం రాదు. 12 వోల్టులు, మంచి రెగ్యులేటర్ ఉన్న బండికైతే సీల్డ్ హాయి, కళ్లు మూసుకుని తీసుకోండి.

లిథియం సంగతి మీరు అడుగుతారని తెలుసు. బరువులో మూడో వంతు, నెలలు పక్కన పెట్టినా చార్జ్ పెద్దగా తగ్గదు. నాకూ మోజే. 2023 మేలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా లిథియం ఫ్యాక్టరీకి శంకుస్థాపన కూడా జరిగింది. కానీ నాలుగు సెల్స్ ఉన్న 12 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ 14.6 వోల్టుల దగ్గర ఫుల్. అది దాటితే లోపలి బీఎంఎస్ కట్ చేస్తుంది, అప్పుడు డైనమో వోల్టేజ్ అదుపు తప్పి బల్బుల మీద పడుతుంది. ముందు చార్జింగ్ సిస్టమ్ మార్చకుండా పాత బండికి లిథియం వద్దు.

ఏహెచ్ ఒకటి రెండు ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువ మాత్రం తీసుకోకండి. ట్రే పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలుచుకుని పోండి. పాత బ్యాటరీలో ఏ టెర్మినల్ ఫ్రేమ్‌కి ఎర్త్ అయిందో ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. బ్రిటిష్ పద్ధతి పాత బండ్లలో ప్లస్ ఎర్త్ ఉంటుంది, అలవాటుగా బిగిస్తే పొగ వస్తుంది.

తయారైన తేదీ చూడండి. యాసిడ్ పోశాక అరగంట చార్జ్ చేసి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. కెపాసిటీలో పదో వంతు కరెంటుతో, 12 ఏహెచ్‌కి 1.2 ఆంపియర్లతో, గంటల తరబడి మొదటి చార్జ్ జరగాలి. ఆ తొందరే చాలా బ్యాటరీల ఆయుష్షు తినేస్తుంది. చార్జ్ అయ్యాక కొన్ని గంటలు ఆగి చూస్తే 6.3 వోల్టులకి తగ్గకూడదు. తర్వాత పోసేది డిస్టిల్డ్ వాటరే, ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు కాదు, వాటిలో లవణాలు ఇంకా ఉంటాయి. గాలి పైపు చైన్ మీదికి, సైలెన్సర్ మీదికి రాకుండా కిందికి వదలండి.

ఉబ్బినదీ, ఉడికినదీ రెండూ షాపులోనే ఇచ్చేశా, సీసం తూకం లెక్కన కొంత తగ్గించారు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారులది, చెత్తకుప్పలో పడేయకండి.

ఇప్పుడు బాపు బండిలో 12 ఏహెచ్ యాసిడ్ బ్యాటరీ, కొత్త పాయింట్లున్న కటౌట్, వెనక 6 వోల్టుల ఎల్‌ఈడీ. రేజ్ చేస్తే మీటర్‌లో 7.2. ఆదివారం ఆదివారం నీళ్లు చూస్తున్నాడు. లైట్ ఎట్లుంది అంటే, "రోడ్డు కనవడ్తుంది" అన్నాడు.