నాలుగున్నర తుమ్మెదలు

భాస్కరాచార్యుడు 1150లో రాసిన ‘లీలావతి’లో ఒక తుమ్మెదల లెక్క ఉంది. గుంపులో సగానికి వర్గమూలం ఎంతో, అన్ని తుమ్మెదలు మాలతి పొదకు వెళ్లాయి. మొత్తం గుంపులో తొమ్మిదింట ఎనిమిది వంతులు కూడా అక్కడికే పోయాయి. ఇక మిగిలినవి రెండే: రాత్రివేళ తామరలో చిక్కుకుని ఝుమ్మంటున్న మగ తుమ్మెద, బయటి నుంచి దానికి బదులిస్తున్న ఆడ తుమ్మెద. గుంపులో మొత్తం ఎన్ని? (వర్గమూలం లెక్కగట్టుకుని బయల్దేరే తుమ్మెదలు ఏ తోటలో ఉంటాయని అడక్కండి. లెక్కల పుస్తకంలో ఉంటాయి.)

మొత్తాన్ని ‘య’ అనుకుందాం.

√(య/2) + 8య/9 + 2 = య

తొందరపడి దీన్ని ఉన్నదున్నట్టు వర్గం చేస్తే వర్గమూలం పోదు, మధ్య పదాల్లో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ముందు దాన్నొక్కదాన్నీ ఒకవైపు ఉంచి, మిగతావి అవతలికి పంపాలి:

√(య/2) = య/9 − 2

ఇప్పుడు ఇరువైపులా వర్గం చేసి, 162తో గుణించి సర్దితే 2య² − 153య + 648 = 0. సూత్రంలో వేస్తే 72, 4½ వస్తాయి.

నాలుగున్నర తుమ్మెదలు ఉండవని రెండోది కొట్టేయొచ్చు. మార్కులూ పడతాయి. కానీ ఇదే లెక్క బియ్యం బస్తాల మీద ఇస్తే? నాలుగున్నర బస్తాలు నిక్షేపంగా ఉంటాయి. అసలు కారణం వేరే ఉంది. 4½ని ప్రతిక్షేపించి చూడండి: ఎడమవైపు √2.25, అంటే 1.5. కుడివైపు 0.5 − 2, అంటే −1.5. రెండూ సమానం కావు, కానీ రెండింటి వర్గమూ 2.25. వర్గం చేయగానే గుర్తు చెరిగిపోయింది. దాంతో −√(య/2) = య/9 − 2 అనే వేరే సమీకరణం జవాబు కూడా వచ్చి మన లెక్కలో చేరింది. మన గుణకారాల్లో తప్పేమీ లేదు. అందుకే సరిచూడటమంటే టైము మిగిలితే చేసే పని కాదు, సాధనలో భాగం. 72 వేస్తే 6 + 64 + 2 = 72, సరిపోయింది.

√ గుర్తు ఎప్పుడూ రుణ విలువ ఇవ్వదు. కాబట్టి కుడివైపు రుణం కాకూడదు, అంటే ‘య’ 18కి తగ్గకూడదు. ఈ ముక్క ముందే రాసుకుంటే 4½ గడప దాటి లోపలికి రాదు. √(య + 3) = −5 అని ఇస్తే పెన్ను మూత తీయక్కర్లేదు, దానికి సాధనే లేదు. అయినా వర్గం చేసి 22 అని రాసి, కింద గీత కూడా గీసేవాళ్లుంటారు.

వర్గమూలాలు రెండుంటే ఇదే పని రెండుసార్లు. √(య + 5) + √య = 5లో √యని అవతలికి పంపి వర్గం చేస్తే √య = 2 మిగులుతుంది, జవాబు 4.

ఇక √(య + 7) = య − 5ని మీరే సాధించండి. 9, 2 వస్తాయి. ఏది ఉంచాలో చూసుకోండి.