పాత గాలియంత్రము – దాని మరమ్మతు

మన సంఘపు మరమ్మతు షెడ్డులో మూలనున్న పాత గాలి కంప్రెసరును ఎరుగని సభ్యులుండరు. ట్రాక్టరు చక్రములకు గాలి పట్టుట, నూర్పిడి యంత్రపు రేడియేటరులో చేరిన పొట్టును ఊదుట, పనిముట్లకు రంగు వేయుట దానివలననే జరుగుచుండెను. గడచిన కోతలనాడు అది మొరాయించినది. పూర్వము పది నిమిషములలో నిండెడి టాంకీ అరగంటయైనను నిండక, ముల్లు 80 పౌనుల యొద్దనే నిలిచిపోవుచుండెను. షెడ్డు ముందర బండ్లు బారులు తీరియుండెను. పిస్టను రింగులరిగినవని ఒకరును, తూకమునకు వేసి క్రొత్తది కొనుడని మరియొకరును చెప్పిరి. పానా పట్టుటకు ముందు కంటిని, చెవిని, అరచేతిని వినియోగించి చూతమని మేము తలచితిమి.

మొదట 80 పౌనుల గాలి నింపి, బయటి కుళాయిని మూసి, మోటారు నాపి, ముల్లును కనిపెట్టియుంటిమి. ముల్లు కదలనియెడల దోషము పంపులోనిది. దిగినయెడల గాలి ఎచ్చటనో కారుచున్నది. ముల్లు దిగినది. అతుకులన్నిటికిని సబ్బునీరు పూయగా రెండు చోట్ల బుడగలు వచ్చెను. వానిని బిగించితిమి. అయినను బుస్సుమను చప్పుడు ఆగలేదు. అది ప్రెజరు స్విచ్చి క్రింది సన్నని రంధ్రమునుండి వచ్చుచుండెను. మోటారు ఆగగానే పంపుతలలో మిగిలిన గాలిని విడుచుటకే ఆ రంధ్రమున్నది. ఒకటి రెండు క్షణములు బుసకొట్టి ఊరకుండవలెను. ఆగక బుసకొట్టుచున్నయెడల టాంకీలోని గాలి వెనుకకు మరలుచున్నదని యెరుగవలెను. పెక్కుమంది ఇచ్చటనే స్విచ్చిని మార్చి సొమ్ము పోగొట్టుకొందురు. తప్పు స్విచ్చిది కాదు. పంపునుండి వచ్చు గొట్టము టాంకీని చేరుచోటనుండు నాన్‌రిటర్ను వాల్వుది. గాలినంతయు విడిచి, ఫ్యూజులు తీసి జేబులో వేసికొని, దానిని విప్పితిమి. లోని బిళ్లక్రింద మసి పేరుకొనియుండెను. బిళ్ల మార్చగానే బుస ఆగినది; మోటారు మొదట తిరుగలేక మూల్గుటయు దానితోనే పోయినది.

కాని నడుచుచుండగా ముల్లు 80 దాటకుండుటకు ఇది కారణము కాదు. పంపునకు గాలి పీల్చు వడపోత డబ్బాను తీసి, రంధ్రమునకెదురుగా అరచేతినుంచితిమి. లోనికి పీల్చుటయే గాక, పంపు గాలిని వెలుపలికి కూడ ఊదుచుండెను. పీల్చెడి వాల్వు సరిగా మూయబడుట లేదన్నమాట. పంపుతల విప్పిచూడగా వాల్వు రేకులపై గట్టి మసి కనబడెను. రింగులు చక్కగానే యున్నవి. రేకులను కత్తితో గీకరాదు. గీత పడిన రేకు మరల సరిగా కూర్చొనదు. కిరోసినులో నానబెట్టి, గుడ్డతో తుడిచి, బాగుగా ఆరిన పిమ్మట క్రొత్త గాస్కెటుతో బిగించితిమి. ఆ మసికి కారకులమెవరమన్న మేమే. కంప్రెసరునకు వేయదగిన నూనె యయిపోయినప్పుడెల్ల ట్రాక్టరు ఇంజను నూనెను పోయుచుంటిమి.

ఇంకొకమాట. త్రీఫేజు మోటారునకు తీగెలు విప్పి మరల కలిపినపుడు చక్రము తిరుగు దిక్కును చూడవలెను. తలక్రిందులుగా తిరిగినను ఈ యంత్రము గాలి పట్టును గాన ఎవరికిని అనుమానము రాదు. కాని చక్రపు రెక్కల గాలి పంపుతలకు తగులక అది మితిమీరి కాగును. ఏవైన రెండు ఫేజుల తీగెలను ఒకదానిచోట నొకటి మార్చిన చాలును.

ఇంతవరకు అందరును సంతోషించిరి. పిమ్మట టాంకీ యడుగు కుళాయిని త్రిప్పబోగా అది తుప్పుతో పట్టుకొనిపోయియుండెను. ఊడదీయగా బిందెడు ఎఱ్ఱనీరు వచ్చినది. గాలిలోని తేమయే ఒత్తిడికి నీరై టాంకీలో దిగును. వానకాలమున మరింత దిగును. అడుగుభాగమును చిన్న సుత్తితో తట్టగా ఒకచోట బొద్దుగా పలికినది. అచ్చట తుప్పు రాల్చగా సూదిమొనంత రంధ్రము కనబడెను.

అతుకు వేసి వెల్డింగు చేసిన ఈ కోతలు గడచునని సభ్యులు పలువురు పట్టుబట్టిరి. మేము ఒప్పుకొనలేదు. రంధ్రము సూదిమొనంతయైనను దాని చుట్టునున్న రేకు కాగితమువలె పలుచనైయుండును. ఆ టాంకీ అడ్డకొలత 18 అంగుళములు. చదరపు అంగుళమునకు 120 పౌనుల ఒత్తిడి యున్నప్పుడు దాని ఒక్కొక్క చివరిమూతపై 30 వేల పౌనులకు పైగా, అనగా సుమారు 14 టన్నుల బలము పడును. 75 కిలోల ధాన్యపు బస్తాలు 180కి పైగా పేర్చినట్లు! అట్టిది పగిలిన కారుట కాదు, ప్రేలుటయే. టాంకీ పైకి బాగుగా కనబడినను, అనుమానమున్నచో దానిని నిండ నీటితో నింపి, చేతిపంపుతో, పనిచేయు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, తెలిసినవారిచేత పరీక్ష చేయింపవలెను. నీరు గాలివలె నొత్తుకొనదు గాన, పరీక్షలో పగిలినను విసరికొట్టదు. గాలితో మాత్రము ఈ పరీక్ష ఎన్నడును చేయరాదు.

క్రొత్త టాంకీ వచ్చువరకు, తొమ్మిది దినములు, ట్రాక్టరు చక్రములకు టౌనునుండి గాలి పట్టించుకొని రావలసివచ్చినది. ఆ తొమ్మిది దినములు మేము పడిన మాటలు ఇచ్చట వ్రాయము. ఇప్పుడు పాత పంపే క్రొత్త టాంకీపై నడుచుచున్నది. సేఫ్టీ వాల్వును కూడ క్రొత్తది వేయించితిమి. సాయంకాలము షెడ్డు మూయుటకు ముందు కావలివాడు అడుగు కుళాయి త్రిప్పి నీరు విడుచుచున్నాడు. పాత టాంకీని ఎవరును మరల గాలికి వాడకుండ నిలువున రెండుగా కోయించితిమి. తుప్పు లేని పై సగమును పశువుల నీళ్లతొట్టికని ఒక సభ్యుడు తీసికొనిపోయెను. వెల్డింగు చేయుమని అందరికంటె గట్టిగా వాదించినది ఆయనయే.