ఎన్ని పాయింట్లు చాలు?

ఫుట్‌బాల్ అనగానే మనకు తోచేది బంతిని కాలితో తన్నే ఆట. అమెరికావారి ఫుట్‌బాల్ తీరే వేరు. కోలగా ఉండే బంతిని చేతపట్టుకుని పరుగెత్తుతారు, విసురుకుంటారు. అడ్డువచ్చినవారు పట్టి పడదోస్తారు. బంతితో అవతలి గీత దాటితే టచ్‌డౌన్. దానికి 6 పాయింట్లు. ఆపైన తన్ని మరొకటి సంపాదించుకోవచ్చు. గీత దాకా పోలేనివారు దూరంనుంచే గోలు స్తంభాల నడుమకు బంతిని తన్నితే 3 పాయింట్లు.

ఏటా జనవరిలో ప్లేఆఫ్ పోటీలు జోరుగా సాగుతాయి. ఓడిన జట్టు ఇక ఇంటిముఖం పట్టవలసిందే. చివరి పోటీ పేరు సూపర్ బౌల్. మరి అక్కడ గెలవడానికి ఎన్ని పాయింట్లు కావాలి?

ముప్ఫై దాటితే చాలదా అంటారేమో! 2018 ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు సూపర్ బౌల్‌లో 33 పాయింట్లు చేసింది. ఆ రోజు టామ్ బ్రేడీ విసుర్లతో జట్టుకు వచ్చిన దూరం 505 గజాలు! అయినా ఓడిపోయారు. ఫిలడెల్ఫియా ఈగల్స్ 41 చేసింది మరి.

మరుసటి ఏడు అదే పేట్రియట్స్ చేసినవి 13 మాత్రమే. అయినా గెలిచారు! ఎదుటి జట్టు లాస్ ఏంజెలిస్ రామ్స్‌కు దక్కినవి 3. ఆ రామ్స్ తక్కువవారేమీ కారు. 2018 నవంబరులో ఒక్క ఆటలోనే 54 చేసి కాన్సాస్ సిటీ చీఫ్స్‌ను ఓడించినవారు. సూపర్ బౌల్‌లో మాత్రం పేట్రియట్స్ వారిని కదలనివ్వలేదు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు సాగలేకపోతే బంతి ఎదుటివారి పాలవుతుంది. అందుకని రామ్స్ పదేపదే బంతిని దూరంగా తన్ని అప్పగించుకోవలసి వచ్చింది. ఆట చివరలో పేట్రియట్స్ 10, రామ్స్ 3. ఒక్క టచ్‌డౌన్ చేసి, ఆపైన తన్ని మరొకటి సంపాదించుకుంటే రామ్స్ సమానమయ్యేవారే. సరిగ్గా అప్పుడే గీత దగ్గర పేట్రియట్స్ ఆటగాడు స్టెఫాన్ గిల్మోర్ వారి విసురును ఒడిసిపట్టాడు. ఆశ అక్కడితో సరి!

2017 జనవరి ప్లేఆఫ్‌లో మరో వింత. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు. మూడేసి పాయింట్ల చొప్పున ఆరుసార్లు తన్ని 18 కూడబెట్టారు. రెండు టచ్‌డౌన్లు చేసిన చీఫ్స్ 16 దగ్గర ఆగి ఓడిపోయారు.

కాబట్టి ఇన్ని చాలునని ముందుగా లెక్క కట్టలేము. ఆ లెక్క సగం ఎదుటివారి చేతిలో ఉంటుంది. వారిని ఆపడం మాత్రం మన చేతిలో ఉంటుంది. సంసారమూ అంతే కదా! జీతం ఎంతైతేనేం, ఖర్చు అంతకు మించకుండా ఆపగలిగిన ఇల్లే నెలాఖరున గెలుస్తుంది.