తొట్టిలోని నిమ్మచెట్టు ఆకులు పసుపు బారితే



పల్లె విడిచి పట్నం చేరినవారి ఇండ్లలో సైతం వసారాలోనో, కిటికీ పక్కనో తొట్టిలో ఒక నిమ్మచెట్టు కనిపిస్తుంది. "ఆకులు పసుపు బారుతున్నవండీ, ఏ ఎరువు వేయమంటారు?" అని అడుగుతారు. ఎరువు సంగతి తర్వాత. ముందు తొట్టిలో వేలు పెట్టి చూడండి.

రెండంగుళాల లోతున మట్టి ఎప్పుడు చూసినా జిగటగా వున్నదా? అయితే తప్పు నీళ్ళదే. ఇంటి లోపల ఎండా గాలీ తక్కువ గనుక చెట్టు తక్కువ నీరు తాగుతుంది. మనం మాత్రం రోజూ చెంబెడు పోస్తాం. మట్టి సందులన్నీ నీటితో నిండి, వేళ్ళకు గాలి ఆడక కుళ్ళుతవి. కుళ్ళిన వేరు నీటిలో వుండి కూడా నీరు పీల్చలేదు. ఆకు వడలుతుంది, అది చూసి ఇంకో చెంబు పోస్తాం!

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఒక ఇల్లాలితో, "నత్రజని చాలలేదమ్మా, రెండు చెంచాల యూరియా వేయండి" అన్నాను. వారం పది రోజుల్లో చెట్టు పోయింది. తొట్టి బోర్లిస్తే వేళ్ళు నల్లబడి, పట్టుకుంటే పైబెరడు ఊడివచ్చింది. అడుగు చిల్లి పూడిపోయి వున్నది. ఆవిడ నన్నేమీ అనలేదు గాని, నాటి నుంచి చిల్లి చూడందే సలహా చెప్పను. బత్తాయి, నిమ్మ తోటల్లో నీరు నిలిచే పల్లపు వరుసలు పసుపు బారినా ఇంతే. యూరియా బస్తా విప్పేముందు పారతో తవ్వి వేరు చూడవలె.

వేరు బాగుంటే అప్పుడు ఆకు చూద్దాం. అడుగు ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని లోపం. చెట్టు పాత ఆకులోని నత్రజనిని లాగి చిగురుకు పంపుకుంటుంది. ఇనుము అట్లా కదలదు. కనుక దాని లోపం చిగురులోనే తేలుతుంది: ఈనెలు పచ్చగా, నడుమ పసుపుగా. సున్నపు నేలమట్టిలో ఇనుము వున్నా వేరుకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి చల్లని వేళ ఆకులపై చల్లండి. చిగురాకులు చిన్నవై, సన్నబడి, ఈనెల మధ్య పసుపు మచ్చలు పడితే జింకు లోపం. లీటరుకు 5 గ్రాముల జింకు సల్ఫేటు, రెండున్నర గ్రాముల సున్నం చాలు.

వేరు కుళ్ళినదైతే నల్లని వేళ్ళు కత్తిరించి, చిల్లి తెరిచి, మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి తిరిగి నాటండి. వెలుతురున్న చోట పెట్టి, పైమట్టి ఆరాకే నీరు పోయండి. కొత్త చిగురు వేసేదాకా యూరియా ముట్టుకోవద్దు. బాగా పసుపు బారిన ఆకులు మళ్ళీ పచ్చబడవు, రాలిపోతవి. అందుకు కంగారుపడి మళ్ళీ చెంబెత్తకండి.