రంగు పోయినా పాదరసం పోదు: విత్తనశుద్ధిలో గర్భిణుల జాగ్రత్త

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఉర్లగడ్డ, చెరుకు వేసేవాళ్లకు పాదరసం మందు కొత్త కాదు. ఎంఈఎంసీ అని డిప్లొమాలో నేనూ చదివాను. గడ్డ ముక్కలు, చెరుకు ముచ్చెలు అందులో ముంచేవాళ్లు.

పోయినేడు మా అటక మీద నాయన కాలం నాటి డబ్బా ఒకటి దొరికింది. అప్పటికి మా ఆవిడకు ఐదో నెల. చూడగానే నాకు ఇరాక్ గుర్తొచ్చింది.

1971-72లో అక్కడ మిథైల్ పాదరసం పట్టించిన విత్తన గోధుమలు పంచారు. రంగు కడిగేస్తే విషం పోయిందనుకుని కొందరు రొట్టెలు చేసుకుని తిన్నారు. 6,000 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 459 మంది అక్కడే చనిపోయారు. పెద్దగా జబ్బు పడని తల్లులకూ మెదడు దెబ్బతిన్న బిడ్డలు పుట్టారు. ఎందుకంటే మిథైల్ పాదరసం మాయ దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి రక్తంలో కంటే బొడ్డుతాడు రక్తంలోనే ఎక్కువ ఉంటుంది. తల్లిపాలలోనూ కొంత వస్తుంది.

మన మందులోది వేరే రూపమే. అయినా గర్భిణి ముట్టాల్సింది కాదు. నేను డబ్బా తెరవలేదు. కాలిస్తే పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది కాబట్టి కాల్చలేదు. కవర్లో చుట్టి, వ్యవసాయ అధికారికి చెప్పాను. మందు పట్టించిన విత్తనం మిగిలితే కడిగి వండకండి, కోళ్లకూ వేయకండి.

ఇప్పుడు మాకు బీజామృతమే. 100 కిలోల విత్తనానికి 20 లీటర్ల నీళ్లు, 5 కిలోల ఆవు పేడ, 5 లీటర్ల ఆవు మూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు గట్టుమన్ను. రాత్రంతా ఉంచి, పొద్దున విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టాలి. కలిపే పద్ధతి వీడియోలో చూపించాను. ఇంట్లో ఆడవాళ్లకూ చూపించండి, విత్తనం చేతబట్టేది ఎక్కువగా వాళ్లే కదా.