తెలుగు సిద్ధాంతగ్రంథ రచనలో లాటెక్ వర్క్‌షాప్: మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో అమరిక

కీలకపదాలు: లాటెక్, జీటెక్, యూనికోడ్, ఫాంటు, విజువల్ స్టూడియో కోడ్.

1. ఉపోద్ఘాతం:
పరిశోధకులు ఒక కంప్యూటర్‌లో రాసిన సిద్ధాంతగ్రంథాన్ని పర్యవేక్షకులు మరొక కంప్యూటర్‌లో తిరిగి కూర్చినప్పుడు అక్షరాల స్థానంలో ఖాళీ గడులు కనిపించడం, పుటల సంఖ్య మారిపోవడం సంభవిస్తాయి. విజువల్ స్టూడియో కోడ్ ఎడిటర్‌లో లాటెక్ వర్క్‌షాప్ అనే ఎక్స్‌టెన్షన్ సహాయంతో రాసేవారికీ ఈ చిక్కు ఎదురవుతుంది. దీని మూలం సాధారణంగా ఎక్స్‌టెన్షన్‌లో కాక, దాని అడుగున పనిచేసే సాధనాల్లో ఉంటుందని ఈ వ్యాసం వివరిస్తుంది.

2. ఎక్స్‌టెన్షన్ పాత్ర:
లాటెక్ వర్క్‌షాప్ స్వయంగా పుటలను కూర్చదు. రచయిత రాసిన పాఠాన్ని టెక్ వ్యవస్థకు అందించి, ఫలితంగా వచ్చిన పీడీఎఫ్‌ను, దోషాల జాబితాను ఎడిటర్‌లో చూపుతుంది. ఎక్స్‌టెన్షన్‌ను చేర్చుకొనే పద్ధతి అన్ని సిస్టమ్‌లలోనూ ఒకటే. భేదమంతా టెక్ వ్యవస్థను స్థాపించుకోవడంలో ఉంది.

3. మూడు సిస్టమ్‌లలో స్థాపన:
విండోస్‌లో టెక్ లైవ్ గానీ మిక్‌టెక్ గానీ ఎంచుకోవచ్చు. ఎక్స్‌టెన్షన్ సాధారణంగా వాడే లాటెక్‌ఎంకే అనే ప్రోగ్రాముకు పెర్ల్ భాష అవసరం. విండోస్ టెక్ లైవ్ దానిని వెంట తెస్తుంది. మిక్‌టెక్ వాడేవారు విడిగా స్థాపించుకోవాలి. మాక్‌లో మాక్‌టెక్ సరిపోతుంది. ఉబుంటు, డెబియన్ లినక్స్‌లలో టెక్ లైవ్ అనేక ప్యాకేజీలుగా విడివడి ఉంటుంది కనుక జీటెక్, లాటెక్‌ఎంకే ప్యాకేజీలు చేరాయో లేదో చూసుకోవాలి. ఎడిటర్‌ను ఫ్లాట్‌ప్యాక్ రూపంలో స్థాపిస్తే, అది సిస్టమ్‌లోని టెక్‌ను నేరుగా చూడలేదు. ఏ సిస్టమ్‌లోనైనా టెక్‌ను స్థాపించిన తరువాత ఎడిటర్‌ను పూర్తిగా మూసి తెరవాలి. లేకుంటే కొత్త ప్రోగ్రాముల దారి దానికి తెలియకపోవచ్చు.

4. తెలుగు లిపి, ఇంజిన్ ఎంపిక:
‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాల వరుస. వాటిని ఒక రూపంగా కూర్చే శక్తి పాత పీడీఎఫ్‌టెక్ ఇంజిన్‌కు లేదు. ఎక్స్‌టెన్షన్‌లో తొలి ఎంపికగా ఉన్న రెసిపీ మామూలుగా ఆ ఇంజిన్‌నే పిలుస్తుంది. కాబట్టి తెలుగు రచనకు జీలాటెక్ రెసిపీని ఎంచుకోవాలి. 2004లో మొదట మాక్ కోసం వెలువడిన జీటెక్ తరువాత లినక్స్‌కు, విండోస్‌కు విస్తరించింది. లువాలాటెక్ వాడేవారు ఫాంటును పేర్కొనేటప్పుడు హార్ఫ్‌బజ్ రెండరర్‌ను కూడా పేర్కొనాలి.

5. ఫాంటు సమస్య:
విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ మాక్‌లో ఉండదు. మాక్‌తో వచ్చే కోహినూర్ తెలుగు విండోస్‌లో ఉండదు. స్వేచ్ఛగా పంచుకొనే అనుమతి గల నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటు ఫైలును గ్రంథపు ఫోల్డర్‌లోనే ఉంచి, ఫాంట్‌స్పెక్ ప్యాకేజీకి ఆ దారి చూపడం దీనికి పరిష్కారం. లినక్స్ ఫైలు పేర్లలోని ఆంగ్ల పెద్ద, చిన్న అక్షరాలను వేరుగా పరిగణిస్తుంది. విండోస్‌లో సరిగా కనిపించిన పటం అక్కడ దొరకకపోవడానికి ఇదొక కారణం.

6. ఉపసంహారం:
ఇంజిన్ ఎంపిక, ఫాంటు అనే రెండూ కంప్యూటర్‌కు కాక గ్రంథపు ఫోల్డర్‌కు చెందాలి. రెసిపీ ఎంపికను ఎడిటర్‌లోని వర్క్‌స్పేస్ సెట్టింగులలో నమోదు చేస్తే అది కూడా ఫోల్డర్‌తోపాటే ప్రయాణిస్తుంది. సమర్పణకు ముందు గ్రంథాన్ని మరొక సిస్టమ్‌లో ఒకసారి కూర్చి, ఒత్తులను, పుటసంఖ్యలను సరిచూసుకోవడం ఈ అమరికలో చివరి మెట్టు.