టెస్టులు అడుగుపెట్టని లైన్లు

2014 ఫిబ్రవరిలో ఆపిల్ తన ఐఫోన్లకు ఒక అత్యవసర అప్‌డేట్ పంపింది. పేరు ఐఓఎస్ 7.0.6. అది సరిదిద్దిన తప్పు ఇదీ: సురక్షిత కనెక్షన్ కుదిరేటప్పుడు అవతలి సర్వర్ సంతకం అసలుదేనా అని చూసే ఫంక్షన్‌లో 'గోటూ ఫెయిల్' అన్న లైను వరసగా రెండుసార్లు పడింది. మొదటిది ఇఫ్ షరతు కింద ఉంది. రెండోదానికి ఏ షరతూ లేదు కాబట్టి ప్రతిసారీ నడిచేది. దాని కిందున్న సంతకం తనిఖీకి వంతు వచ్చేదే కాదు. అప్పటికి ఏ తప్పూ నమోదై ఉండదు కనుక ఫంక్షన్ 'అంతా సవ్యమే' అని జవాబిచ్చేది. నెట్‌వర్క్ దారిలో కాచుకున్నవాడు సర్వర్ వేషం వేసినా ఫోన్ నమ్మేది.

ఆ ఫంక్షన్‌ను ఒక్క మామూలు కనెక్షన్‌తో పరీక్షించి కోడ్ కవరేజ్ నివేదిక తీసి ఉంటే, సంతకం తనిఖీ లైన్లు 'నడవలేదు' అని ఎర్రగా కనిపించేవి. ఇంకో వంద టెస్టులు రాసినా ఎర్రగానే ఉండేవి.

టెస్టులు నడిచినప్పుడు ప్రోగ్రాంలో ఏ లైన్లు నడిచాయో, ఏవి నడవలేదో చెప్పే లెక్కే కోడ్ కవరేజ్. ఆలోచన పాతది. జోన్ మిల్లర్, క్లిఫర్డ్ మలోనీ 1963లోనే దీనిపై వ్యాసం ప్రచురించారు. సీ భాషలో జీసీసీ కంపైలర్‌కు '--కవరేజ్' అని చెబితే, అది కోడ్ మధ్యలో కౌంటర్లు చొప్పిస్తుంది. ప్రోగ్రాం ముగిసేటప్పుడు వాటి విలువలు ఒక ఫైల్‌లో పడతాయి. వాటిని లైన్ల వారీగా విడమరిచి చూపేది జీకవ్. జావాలో ఇదే పనిని జాకోకో బైట్‌కోడ్‌లో చేస్తుంది.

పైథాన్‌లో ఇంకా సులువు. పిప్‌తో 'కవరేజ్' ప్యాకేజీ పెట్టుకుని, 'పైటెస్ట్' అని నడిపే చోట 'కవరేజ్ రన్ -ఎం పైటెస్ట్' అనాలి. తర్వాత 'కవరేజ్ హెచ్‌టీఎంఎల్' అంటే బ్రౌజర్‌లో తెరిచి చూడగల నివేదిక తయారవుతుంది. కానీ అక్కడితో వదిలేస్తే వచ్చే శాతాన్ని నమ్మలేం. రెండు సెట్టింగులు మార్చాలి.

ఒకటి 'సోర్స్'. మీ కోడ్ ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పకపోతే, ఏ టెస్టూ ఇంపోర్ట్ చేయని ఫైళ్లు నివేదికలోకే రావు. సున్నా రావలసిన ఫైలు లెక్కలోంచే తప్పుకుంటుంది, మొత్తం శాతం మాత్రం ఘనంగా కనిపిస్తుంది. చాలా ప్రాజెక్టుల గొప్ప అంకెల వెనకున్న రహస్యం ఇదేనని నా అనుమానం.

రెండోది 'బ్రాంచ్'. టికెట్ ధర లెక్కగట్టే ఫంక్షన్ ఉందనుకుందాం. వయసు 60 దాటితే ధరలోంచి రాయితీ తీసేస్తుంది, ఆపై ధర ఇస్తుంది. 65 ఏళ్ల ప్రయాణికుడితో ఒక్క టెస్ట్ రాస్తే లైన్లన్నీ నడిచాయి, నూటికి నూరు. ముప్పై ఏళ్లవాడి సంగతి ఎవరూ చూడలేదు. బ్రాంచ్ లెక్క ఆన్ చేస్తేనే, ఇఫ్ అబద్ధమైన దారిలో ఏ టెస్టూ వెళ్లలేదని తెలుస్తుంది.

ఇంతా చేసి, కవరేజ్ ఒక హాజరు పట్టీ మాత్రమే. లైను దగ్గరికి టెస్ట్ వచ్చిందని చెబుతుంది, వచ్చి ఏం తేల్చిందో చెప్పదు. ఒక్క అసర్ట్ కూడా లేకుండా ఫంక్షన్లన్నిటినీ ఊరికే పిలిచి వదిలేసినా నూరు శాతం వస్తుంది. పైగా, రాయని కోడ్‌ను ఏ నివేదికా చూపలేదు. అదే 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఆ కోవలోదే. వచ్చిన సందేశం తానెంత పొడవని చెప్పుకుంటే సర్వర్ అంతా నమ్మి, ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల వరకు తన మెమరీని పంపించేసేది. పొడవు సరిచూసే షరతు అసలు రాయనే లేదు. ఎర్రబడడానికి అక్కడ లైనే లేదు.

ఈ లెక్కను కడదాకా తీసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. మన ఫోన్లలో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ కోడ్ సుమారు 1,55,800 లైన్లు. దాన్ని పరీక్షించే కోడ్ దానికి 590 రెట్లు. విమాన సాఫ్ట్‌వేర్‌లో అత్యంత కీలకమైన భాగాలకు విధించే కఠినమైన కవరేజ్ కొలతలో వాళ్లు నూరు శాతం సాధించారు. అయినా చెత్త ఇన్‌పుట్‌లు గుప్పించే ఫజ్ పరీక్షల్లో లోపాలు దొరుకుతూనే వచ్చాయి. ఇందులో ఒక చిక్కుంది: నూరు శాతం కావాలంటే 'ఎప్పుడూ జరగదులే' అనిపించే రక్షణ షరతులు ఉండకూడదు, ఫజ్ దాడిని తట్టుకోవాలంటే అవే ఉండాలి. ఈ రెండు లక్ష్యాలూ ఒకదాన్నొకటి లాగుతాయని ఎస్‌క్యూలైట్ రచయితలే రాశారు.

అందుకే ప్రాజెక్టు మొత్తానికి 90 శాతం అని గీత గీసి, టీమ్ మీద రుద్దడం నాకు నచ్చదు. గీత దాటడానికి సులువైన లైన్లకే టెస్టులు పుట్టుకొస్తాయి. కొత్తగా చేర్చే కోడ్‌కు నియమం పెట్టండి, పాతదాన్ని మెల్లగా చూసుకోవచ్చు. ఈ వారం మీ ప్రాజెక్టులో ఒక నివేదిక తీయండి. పైనున్న శాతాన్ని పక్కనపెట్టి, ముందు ఎక్సెప్ట్ కింద ఉన్న ఎర్ర లైన్లు చదవండి. ఫైల్ దొరకనప్పుడో, నెట్ తెగినప్పుడో, డబ్బు చెల్లింపు సగంలో ఆగినప్పుడో నడవాల్సిన లైన్లవి.